మావాడికి పాలు పడవు

తెలుగులో "పడదు" అన్నంత తేలికైన మాట మరొకటి లేదనుకుంటాను. వంకాయ తింటే దురద పుడుతుంది, వంకాయ పడదు. చన్నీళ్ళు పోసుకుంటే జలుబు చేస్తుంది, చన్నీళ్ళు పడవు. ఎదురింటి అత్తాకోడళ్ళు మాట్లాడుకోరు, వాళ్ళకి పడదు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని గనుక ఇన్ని పనులు చేసే ఈ చిన్న మాట మీద నాకు గౌరవమే ఉండేది. మావాడు పుట్టిన తరువాత ఆ మాటకీ నాకూ పడకుండా పోయింది.

ఎందుకంటారా? "మావాడికి పాలు పడవండీ" అంటానా, అవతలివారు నవ్వేసి, "మా మరిదికీ అంతేనండీ, తాగితే కడుపుబ్బరం" అంటారు. వాళ్ళ మరిదిగారి కడుపుబ్బరం వేరు, మావాడి సంగతి వేరు. పాలలో ఉండే చక్కెర అరగక కొందరికి ఉబ్బరమో, విరేచనమో అవుతుంది. అటువంటివారు కాఫీలో రెండు చెంచాల పాలు పోసుకున్నంత మాత్రాన కొంప మునగదు. మావాడికి గిట్టనివి పాలలోని మాంసకృత్తులు. వాడి వొళ్ళు వాటిని శత్రువులుగా లెక్కకట్టి యుద్ధానికి దిగుతుంది. చుక్క చాలు, పెదవులు వాస్తాయి, వొళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఒక్కొక్కసారి ఊపిరే అందదు. దీనికి "పడదు" అనే మాట ఏ మూలకి చాలుతుంది చెప్పండి!

ఈ సంగతి బయటపడ్డది వాడి అన్నప్రాశన నాడు. వెండిగిన్నెలో పరమాన్నం, మా తమ్ముడి చేతిలో బంగారపుటుంగరం, చుట్టూ పేరంటాళ్ళు. నాలిక్కి రాసి పావుగంట తిరక్కుండా పిల్లవాడి మూతి బూరెలా పొంగింది. దిష్టి అన్నారు కొందరు. డాక్టరుగారు మాత్రం దిష్టి అనలేదు. తరువాత కొన్నాళ్ళకి చేతిమీద చుక్కలు వేసి, సూదితో గీరి పరీక్ష చేశారు. పాల చుక్క వేసినచోటా, గుడ్డు తెల్లసొన వేసినచోటా ఎర్రగా దిమ్మలు కట్టాయి. వేరుశనగ, నువ్వులు, సోయా వేసినచోట ఏమీ లేదు. ఆ మూడే మా పాలిట దేవతలయ్యాయి. (అవే పడని పిల్లలూ ఉంటారు సుమండీ. మా ఇంటి పద్ధతి చూసి ఎవరూ ప్రయోగాలకి దిగవద్దు.)

మేకపాలు పట్టమని సలహా చెప్పనివారు మా వీధిలో లేరు. గేదెపాలైతే చిక్కన, పరవాలేదన్నారు ఇంకొకరు. ఆవూ, గేదే, మేకా పాలల్లోని మాంసకృత్తులు అన్నదమ్ముల బిడ్డల వంటివి. ఒకటి గిట్టనివాడికి రెండోది కూడా సాధారణంగా గిట్టదు. పోనీ నెయ్యో? వెన్న కాచి వడబోసినా పాల అంశం లేశమాత్రం అందులో మిగులుతుంది. మావాడి వంటివాడికి ఆ లేశం చాలు.

మా అత్తగారు పాడి ఉన్న ఇంట పుట్టి, పాడి ఉన్న ఇంట మెట్టిన మనిషి. ముద్దపప్పులో నెయ్యి, చివరన గడ్డపెరుగు లేనిదాన్ని ఆవిడ భోజనమనరు, "ఎంగిలిపడ్డం" అంటారు. అటువంటావిడ మనమడి కోసం నెయ్యి మానేసి, పప్పులో నువ్వులనూనె వేసుకోవడం మొదలుపెట్టారు. వాడి గిన్నెలు వేరు, గరిటె వేరు, అట్లపెనం వేరు. ఆమ్లెట్టు వేసిన పెనం మీద వాడి దోసె పొయ్యడానికి వీల్లేదు గనుక, కొన్నాళ్ళకి ఆమ్లెట్టే మా ఇంట్లోంచి వెళ్ళిపోయింది. మా వారు రెండు రోజులు దిగులుపడి ఊరుకున్నారు.

మాటల చిక్కు కూడా తక్కువేమీ కాదు. మూడేళ్ళప్పుడు వాడు పాలకూర పప్పు ముట్టుకోలేదు, అందులో పాలున్నాయని! కొబ్బరిపాలతో పాయసం చేస్తే, "పాలు వద్దన్నారుగా?" అని పనిమనిషి నిర్ఘాంతపోయింది. అంచేత మా ఇంట్లో కొబ్బరిపాలకి కొబ్బరిరసమని పేరు మార్చాం. నిఘంటువు ఒప్పుకోదు గాని, వంటింట్లో నిఘంటువు మాట ఎవరు వింటారు?

అన్నిటికంటె ఏడిపించింది పెరుగు. వేరుశనగపప్పు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగట్టి, కాచి గోరువెచ్చగా చల్లారబెడితే పాలలాగే ఉంటాయి. మరి తోడుకో? తోడు వెయ్యాలంటే పెరుగు కావాలి, పెరుగంటే పాలే కదా! వారం రోజులు ఆలోచించి, మా అత్తగారే చెప్పారు, "అమ్మాయ్, మా చిన్నప్పుడు తోడు లేకపోతే పచ్చిమిరపకాయ తొడిమలు వేసేవాళ్ళే" అని. వేశాం. పదీ పన్నెండు గంటలు పట్టి, పల్చగా ఏదో తోడుకుంది. దాన్ని తినలేదు. దాన్నే మరునాడు వేరే పాలకి తోడు పెడితే ఈసారి గట్టిగానే పేరుకుంది. వేరుశనగ వాసన పోదనుకోండి. అల్లం, కరివేపాకు దంచి తాలింపు పెడితే ఆ వాసన కాస్తా అణుగుతుంది. వాడికి అదే పెరుగు, మరో పెరుగు రుచి ఎరగడు.

పాలు లేకపోతే ఎముకలేం కావాలని అడిగేవారికి నా దగ్గిర జవాబుంది. ఆవుపాలలో నూరు గ్రాములకి సున్నం సుమారు 120 మిల్లీగ్రాములుంటే, రాగిపిండిలో 350 దాకా ఉంటుంది. నువ్వులలో అంతకు ఎన్నోరెట్లు. రాగిలో ఉన్నదంతా వొంటికి పట్టదు గాని, జావ, నువ్వులుండ, మునగాకు కలిస్తే లోటుండదని డాక్టరుగారన్నారు. ఏటా పొడుగు కొలుస్తాం. వాడు వాళ్ళక్కకంటె బాగానే ఎదుగుతున్నాడు.

గుడ్డు విషయం సులభం, పుట్టినరోజు నాడు తప్ప. పిల్లలకి కేకు ఉండాలి. ఒకటిన్నర గ్లాసుల మైదా, ముప్పాతిక గ్లాసు పంచదార, మూడు చెంచాల కోకో, చిన్న చెంచాడు వంటసోడా, చిటికెడు ఉప్పు జల్లించి, అందులో మూడోవంతు గ్లాసు నూనె, గ్లాసు నీళ్ళు, పెద్ద చెంచాడు వెనిగరు పోసి గబగబా కలిపి వెంటనే పొయ్యిలో పెట్టాలి. సోడా, వెనిగరు కలిసి పొంగుతాయి గనుక గుడ్డు చేసే పని అవి చేస్తాయి. తాత్సారం చేస్తే పొంగు చల్లారి కేకు రొట్టెముక్కవుతుంది. పిండి విడిపోయే వంటకాలకి మాత్రం అవిసెగింజల పొడి చెంచాడు, మూడు చెంచాల నీళ్ళలో నానబెట్టి వేస్తే జిగురుగా పట్టుకుంటుంది.

బజారు సరుకుల మీద పాలు, గుడ్లు, వేరుశనగ వంటివి ఉంటే పొట్లం మీద అచ్చువెయ్యాలని 2020 నాటి నిబంధనలలో ఉంది. మేలే. కాని ఆ అక్షరాలు చీమతలకాయలంత ఉంటాయి, పైగా ఇంగ్లీషులో. మా అత్తగారు డెబ్బయ్యో యేట భూతద్దం పెట్టుకుని "మిల్కు", "ఎగ్గు" అనే రెండు మాటలు గుర్తుపట్టడం నేర్చుకున్నారు. ఆవిడకి నేనిచ్చిన మార్కులు నూటికి నూరు.

ఇన్ని చేసినా పెళ్ళిళ్ళున్నాయి కదా! మావాడికి ఆరేళ్ళప్పుడు దగ్గిరి చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. వంటవాళ్ళతో చెప్పాను, వడ్డించేవాళ్ళతో చెప్పాను. నేను పెళ్ళికూతురి తల్లితో మాట్లాడుతున్న రెండు నిమిషాల్లో, బంధువులావిడ ఒకరు వాడి చేతిలో పూతరేకు పెట్టారు. "పాలెక్కడున్నాయి దీంట్లో? బియ్యప్పిండీ, బెల్లమూను" అన్నారట. పూతరేకుకి పూసే నెయ్యి ఆవిడ లెక్కలోకి రాలేదు. సగం తిన్నాడు. ముందు దగ్గు, తరువాత దద్దుర్లు, తరువాత పిల్లికూతల శ్వాస. కారులో ఆసుపత్రికి చేరేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది నిమిషాల్లో ఊపిరి తిరిగింది. ఆ రాత్రంతా అక్కడే ఉంచారు. ఆ కొద్ది నిమిషాల గురించి ఇంతకంటె రాయలేను.

ఆనాటినుంచి "పడవు" అనడం మానేశాను. "పాలు వాడికి విషం" అంటున్నాను. పాలను పట్టుకుని విషమంటావా అని పెద్దవాళ్ళు చెవులు మూసుకుంటారు. మూసుకుంటే మూసుకోనీండి, పెట్టడం మానుతున్నారు.

కొందరు పిల్లలకి పెద్దయ్యేకొద్దీ ఇది తగ్గిపోతుందట. ఏటేటా పరీక్ష చేయిస్తున్నాం. ఇంకా తగ్గలేదు. ఇంట్లో కొంచెం పెట్టి చూద్దామనే సరదా మాత్రం కూడదు, ఆసుపత్రిలో డాక్టరు ఎదుట తప్ప.

పూతరేకు పేరెత్తితే చాలు, వాడు రెండేళ్ళపాటు మా వెనకాల దాక్కునేవాడు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి మా ఊళ్ళో అందరూ మురిసిపోయారు, మా ఇంట్లో తప్ప. కిందటి సంక్రాంతికి మా అత్తగారు నాతో చెప్పకుండా బస్సెక్కి రాజమండ్రినుంచి ఆత్రేయపురం వెళ్ళారు. రేకులు తీసే ఒకావిడ దగ్గిర పూటంతా కూచుని, నెయ్యి తగలని చేతులతో, కొత్తగుడ్డతో, నూనె రాసిన కుండమీద ఉత్త రేకులు తీయించి తెచ్చారు. ఇంట్లో తడిగుడ్డతో మెత్తబరిచి, కొబ్బరినూనె పూసి, బెల్లపుపొడి జల్లి మడత పెట్టారు.

మావాడు దూరంగా నిలబడి, "మామ్మా, ఇందులో ఏముంది?" అన్నాడు.

"బియ్యం, నీళ్ళు, కొబ్బరినూనె, బెల్లం, యాలకపొడి."

"ఇంకా?"

"ఇంకేమీ లేదురా."

అంచు కొరికాడు. ఆగి, చెంప తడుముకున్నాడు. మా అత్తగారు గడియారంకేసి చూస్తూ కూచున్నారు. అరగంటయ్యాక మిగతాది తిని, రెండోది అడిగాడు. మూడోదానికి వాళ్ళక్క పోటీకొచ్చింది.