స్కోరు చూశాను, నడుం చూడలేదు

పామిడిముక్కలలో ఓ పిల్లాడింటికి స్కూటర్ మీద కినెక్ట్ పెట్టె వేసుకెళ్లాను. మైక్రోసాఫ్ట్ 2010లో తెచ్చి, 2017లో తయారీ ఆపేసిన, ఒంటి కదలికలతో ఆడే ఆటసామాను అది. నేను కొన్నది సెకండ్ హ్యాండ్. మనిషి దానికి ఆరడుగుల దూరంలో నిలబడాలి గనక మంచం వరండాలోకి లాగించాం.

వాడికి ఎనిమిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ. ఎడమ చెయ్యి, కాలు బిగుసుకుపోతాయి. చెయ్యెత్తు నాన్నా అని బతిమాలితే పదిసార్లకే ఏడుపు లంకించుకునేవాడు. తెర మీద బుడగలు పగలగొట్టమంటే వంద దాటినా ఆపడు! మెదడు కొత్త కదలిక నేర్చేది మళ్లీ మళ్లీ చేస్తేనే. ఫిజియోథెరపిస్టుకి ఇంకేం కావాలి?

దసరా తర్వాత మొదలుపెడితే సంక్రాంతికి స్కోరు మూడింతలైంది. ఫైల్లో ఆ అంకెలే రాసుకుంటూ పోయాను. భుజం ఎంత లేస్తోందో కొలిచే గోనియోమీటరు బ్యాగు అడుగునే ఉండిపోయింది. రెండు నిమిషాల పని. బద్ధకం అనను, ఆ స్కోరు చూశాక కొలవబుద్ధి కాలేదు, అంతే.

ఒకరోజు వాళ్ల మామ్మగారు చొక్కా తొడుగుతూ, "అన్నేసి బుడగలు కొడుతున్నాడు గానీ డాక్టరుగారూ, చేతిలోకి చెయ్యి దూర్చమంటే ఇప్పటికీ నడుమే వంచుతున్నాడండీ" అన్నారు.

కొలిచాను. దసరాకి, మొదలుపెట్టేముందు కొలిచినప్పుడు, 70 డిగ్రీలు. ఇప్పుడూ 70.

కుడివైపుకి ఒరిగితే ఎడమ భుజం దానంతటదే పైకొస్తుంది, చెయ్యి బుడగకి తగులుతుంది. కినెక్ట్ ఒంట్లో 20 కీళ్లను కనిపెడుతుంది, ఒరగడం దానికి కనబడకేం! కానీ ఆట అడిగేది ఒక్కటే: చెయ్యి బుడగని తాకిందా, లేదా? నేనూ మూడు నెలలు అదే అడిగాను. వాడు ఒరిగినప్పుడల్లా చప్పట్లు కూడా కొట్టాను.

మర్నాడు వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, మామ్మగారి పాత నేతచీర ఛాతీ చుట్టూ వదులుగా చుట్టి వెనక్కి కట్టాం. స్కోరు కుప్పకూలింది. "మిషను పాడైపోయింది" అని ఒకటే గోల. పాడుచేసింది నేనురా అంటే వింటాడా? ఆ ఆటలో బుడగల ఎత్తు మార్చే వీల్లేదు. ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్లలో నిజం బుడగలే కొని గుమ్మానికి దారంతో వేలాడగట్టాను. అందిందంటే దారం ఒక వేలెడు పైకి. ఇవి అయ్యాకే తెర.

మొన్న నేను వెళ్లేసరికే మామ్మగారు చీర కట్టేసి కూర్చున్నారు. "బుడగలు నేను లెక్కెడతాను, మీరు నడుం చూసుకోండి డాక్టరుగారూ" అన్నారు.