పాలంలో పాత విమానం

పిల్లలూ! ఢిల్లీ వెళ్ళినవారు ఎర్రకోట, కుతుబ్ మీనారు చూచి వస్తారు. నేను మా మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు, వాడి కోరికపై పాలంలోని వైమానిక దళ మ్యూజియం కూడా చూచాము. దానిని 1967లో నెలకొల్పారు. పెద్ద షెడ్డులో రకరకాల యుద్ధవిమానాలు బారులు తీరి ఉన్నాయి.

వాటి మధ్య ఒక పాత విమానం కనిపించింది. ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలు. నడిపేవాడి తలపై కప్పు కూడా లేదు. మావాడు ఫక్కున నవ్వి, "తాతయ్యా! ఇది విమానమా, గాలిపటమా?" అన్నాడు.

"నవ్వకురా! మన వైమానిక దళం మొదటి దండుకు ఉన్న ఆస్తి ఇలాంటివి నాలుగే," అన్నాను.

ఆ విమానం పేరు వాపిటీ. మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న ఏర్పడింది. మరుసటి ఏడు ఏప్రిల్ 1న, ఇప్పుడు పాకిస్తానులో ఉన్న కరాచీలో, నాలుగు వాపిటీలతో మొదటి దండు మొదలయింది. దండునే స్క్వాడ్రన్ అంటారు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందిన అయిదుగురు భారతీయులు దాని పైలట్లు. నాయకుడు మాత్రం ఆంగ్లేయుడు. ఆ అయిదుగురిలో ఒకడు, 1911లో కలకత్తాలో పుట్టిన సుబ్రతో ముఖర్జీ. ఆ ఏడే వారిలో ఇద్దరు విమానం కూలి మరణించారు. అయినా ముఖర్జీ వెనుదీయలేదు. 1939లో ఆ దండుకే నాయకుడయాడు. భారతీయుడికి అలాంటి పదవి దక్కడం అదే మొదలు.

1940లో వజీరిస్థాన్ కొండల్లో ఒక సంగతి జరిగింది. అక్కడి కొండజాతులవారు బ్రిటిష్ ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్న రోజులవి. వారు ఒక చిన్న సైనిక శిబిరాన్ని చుట్టుముట్టారు. లోపలివారికి తూటాలు అయిపోవచ్చాయి. పైన ఎగురుతున్న ముఖర్జీకి ఈ సంగతి తెలిసింది. ఆయన తన విమానంలోని మరతుపాకుల తూటాలు తీయించి, మేజోళ్ళలో నింపించి, బాగా కిందికి దిగి వారికి జారవిడిచాడు!

1947లో స్వరాజ్యం వచ్చింది. "అప్పుడు ముఖర్జీయే దళానికి పెద్ద అయాడా?" అని మావాడు అడిగాడు.

లేదు. మన పైలట్లలో అందరికన్నా పాతవాడైన ముఖర్జీకే అప్పటికి నౌకరీ పదిహేనేళ్ళు. ఒక విమానం నడపడం వేరు, దళాన్నంతా నడపడం వేరు. వరుసగా ముగ్గురు ఆంగ్లేయులు అధిపతులుగా పనిచేశారు. ముఖర్జీ వారి కింద పని నేర్చి, 1954 ఏప్రిల్ 1న తానే అధిపతి అయాడు. 1960 నవంబరు 8న టోకియోలో భోజనం చేస్తుండగా గొంతుకు ఆహారం అడ్డుపడి, 49వ ఏట మరణించాడు. బడిపిల్లలు ఆడే సుబ్రతో కప్పు ఫుట్‌బాల్ పోటీ ఆయన పేరిటిదే.

బయటికి వచ్చేముందు మావాడు మళ్ళీ వాపిటీ దగ్గరికి వెళ్ళాడు. ఈసారి నవ్వలేదు.

"తాతయ్యా! మేజోళ్ళు జారవిడిచేటప్పుడు ఎంత కిందికి వచ్చి ఉంటాడు?"

"కిందివారి తుపాకులకు అందేటంత కిందికిరా," అన్నాను.