వెలుగుకు, చీకటికి మధ్యనున్న గీత



భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరిని పరామర్శించడానికి ఆమధ్య మేము వెళ్లాం. "ధైర్యంగా ఉండమ్మా, రాత్రి ఎంతసేపుంటుంది, తెల్లారిపోతుంది" అన్నాం. ఆమె మెల్లగా, "నాలుగు నెలలైంది అయ్యగారూ, ఇంకా తెల్లారలేదు" అంది. మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి బయటికి వచ్చాం.

ఆకాశంలో శుక్లపక్షపు సగం చంద్రుడున్నాడు. సగం వెలుగు, సగం చీకటి, నడుమ ఒక గీత. ఆ గీత మీద నిలబడితే అప్పుడే సూర్యుడు ఉదయిస్తూ కనబడతాడు.

మన భూమి మీద ఈ గీత భూమధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. చంద్రుడి మీదనైతే గంటకు 15 కిలోమీటర్లే, సైకిలు నడక. అందుకే అక్కడ ఒక్క రాత్రి గడవడానికి మనకు 14 రోజులకు పైగా పడుతుంది. అందరి రాత్రీ ఒకటే పొడవు కాదు. మేము ఆ సహోదరి రాత్రిని మా గడియారంతో కొలిచాం. అది మా తప్పు.

2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. సెప్టెంబరు మొదట్లో, రాత్రి రాకముందే విక్రమ్‌ను, ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చారు. ఆ రాత్రి చలికి తట్టుకునేలా వాటిని చేయలేదు. తిరిగి సూర్యుడు ఉదయించాడు గాని అవి మేల్కోలేదు. తెల్లవారితే పోయినదంతా తిరిగి వస్తుందని మేము ఎవరికీ చెప్పకూడదు. పునరుత్థాన దినం వరకు ఆ ఇంట్లో ఒక కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

అయినా నిరీక్షణ ఉంది. 1609లో గెలీలియో దూరదర్శినితో చూసినప్పుడు, గీతకు అవతల చీకటి భాగంలో చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడ్డాయి. అవి కొండల కొనలు. లోయకు తెల్లారకముందే కొండ కొనకు ఎండ తగులుతుంది. లోయలో ఉన్నవారికి అది కనబడకపోవచ్చు, కాని ఉదయం బయలుదేరింది.

ఆదికాండము మొదటి అధ్యాయం చూడండి. అక్కడ ప్రతి దినంలో ముందు సాయంకాలం, తర్వాత ఉదయం. అంటే చీకటి గడియలను కూడా దేవుడు తన దినంలోనే లెక్కపెట్టాడు.

మరుసటి వారం మేము మళ్లీ వెళ్లాం. ఈసారి ప్రసంగం చేయలేదు. ఆమె పెట్టిన టీ తాగి, ఆమె తన భర్త గురించి చెప్పుకుంటుంటే విన్నాం.

ప్రియులారా, మీకు తెలిసిన ఇంట్లో ఎవరికైనా రాత్రి పొడవుగా ఉందా? తొందరపెట్టకండి. పక్కన కూర్చోండి.

ప్రభువు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.