అలక కాదు, బెంగ

జంషెడ్‌పూర్‌లో పగటి నిద్రకు విలువెక్కువ. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు కిటికీలు మూసుకుని పడుకునే ఊరది. అలాంటి చోట, కద్మాలోని ఓ క్వార్టర్స్ వరసలో, ఉదయం తొమ్మిదిన్నర నుంచే ఓ లాబ్రడార్ ఏడుపు లంకించుకుంటే పక్కింటాయన ఎన్నాళ్లని ఊరుకుంటాడు? మూడో వారం తలుపు తట్టి చెప్పేశాడు, ఈసారి ఫిర్యాదు కాగితం మీదేనని.

ఆ ఇంటివాళ్లు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులే. మూడేళ్ల బ్రూనో అంతవరకూ బుద్ధిమంతుడే. ఇంటిపట్టున ఉండే అత్తగారు సొంతూరు వెళ్లిపోయాకే మొదలైంది గొడవ. చెప్పులు కొరకడం, తలుపు అడుగు చెక్కను గోళ్లతో చీల్చడం, దివాన్ మీద మూత్రం. కోడలు సాయంత్రం వచ్చేసరికి చెవులు వాల్చి, తోక ముడిచి చూపు తప్పించేవాడు. 'చేసిన తప్పు తెలుసు కదూ' అంటూ చుట్టిన పేపరుతో రెండు దెబ్బలు. మర్నాడు మళ్లీ అదే వరస. డిమ్నా చెరువు దారిలో వదిలేసి వద్దామని భర్త ఓ రాత్రి అన్నాడు. ఆమె వద్దనలేదు. (పెంపుడు జంతువును అకారణంగా ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలిసినా ఆ రాత్రి ఆగేవారా అన్నది వేరే విషయం.)

ఆదివారం ఫోన్లో విషయం విన్న అత్తగారు తేల్చేశారు: "కోపమేటి, ఆడు బెంగెట్టుకున్నాడే."

పశువైద్యుడి మాటా దాదాపు అదే. రోగమేదీ లేదని పరీక్షించి, ఫోన్‌ను అల్మారా మీద రికార్డింగ్‌లో పెట్టి వెళ్లమన్నాడు. తలుపు మూసిన ఐదు నిమిషాల్లోనే వగర్పు, జొల్లు, గోకుడు. కక్ష తీర్చుకునే వాడి వాలకం కాదది.

మరి ఆ తప్పుచేసిన ముఖం? 2009లో అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ దీన్నే పరీక్షకు పెట్టారు. తినొద్దని చెప్పి తిండి ముక్క దగ్గర కుక్కను వదిలి యజమాని బయటికెళ్తాడు. తిరిగొచ్చాక అతనికి కొన్నిసార్లు కావాలనే తప్పుడు సమాచారమిచ్చారు. కుక్క తిన్నదా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, యజమాని తిట్టినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. ఉదయం చీల్చిన చెక్కకూ సాయంత్రం పడే దెబ్బకూ కుక్క ముడిపెట్టుకోదు. ముడిపడేది ఇంటావిడ రాకకూ దెబ్బకూ. బ్రూనోకు ఆమె వెళ్లడమూ భయమే, రావడమూ భయమే.

ఆ తర్వాత చేసిందల్లా విసుగు పుట్టించే పని. తాళాలు తీసుకుని వెళ్లకుండా కూర్చోవడం. అరనిమిషం బయట నిలబడి రావడం, తర్వాత నిమిషం, రెండు. బెదురు మొదలయ్యేలోపే తిరిగి రావాలి, హడావుడి లేకుండా. అసలు చిక్కు మరోచోట ఉంది. సాధన నడిచినన్నాళ్లూ కుక్కను అది ఓర్చుకోగలిగినంత సేపటికి మించి ఒంటరిగా వదలకూడదు. భర్త షిఫ్టు మార్పించుకున్నాడు. మిగతా వేళల్లో బ్రూనో మకాం సోనారీలోని స్నేహితుల ఇల్లు. పక్కింటాయనను గడువడిగారు. సంతోషంగా ఇచ్చాడని చెప్పలేం.

రెండు నెలలకు నలభై నిమిషాలు. దీపావళి టపాసులతో అది పదికి పడిపోయింది. మళ్లీ మొదలుపెట్టి అరగంటకు తెచ్చారు. చీలిన చెక్క ఇంకా మార్చలేదు. ఆదివారం అత్తగారి ఫోను వస్తే మాత్రం స్పీకర్‌లో పెట్టడం లేదు. ఆ గొంతు వినగానే బ్రూనో లేచి ఆవిడ గదంతా వెతుకుతున్నాడు.