మళ్లీ చూడలేని ఊరు... అస్కలాన్!

ఈ ఊరికి బస్సు లేదు, రైలూ లేదు. కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఉంటే చాలు. అమెరికాకు చెందిన ఎరీనానెట్ సంస్థ 2005 ఏప్రిల్లో విడుదల చేసిన ‘గిల్డ్‌వార్స్’ అనే ఆన్‌లైన్ ఆటలో మనం మొట్టమొదట అడుగుపెట్టే రాజ్యమిది. ఇలాంటి ఆటల్లో ఎక్కడెక్కడివాళ్లో తలో పాత్రా వేసుకుని ఒకే లోకంలో తిరుగుతుంటారు. కత్తి తిప్పడం, మంత్రం వేయడం నేర్పేందుకు మొదట్లో చిన్నచిన్న పనులు అప్పజెబుతారు. చాలామంది వాటిని ఎల్కేజీ పాఠాల్లా గబగబా దాటేస్తారు. అస్కలాన్‌లో మాత్రం ఆ తొందర పనికిరాదు!

కోటగోడ దాటితే పచ్చిక బయళ్లు, చెరువు, కాస్త దూరంలో యాష్‌ఫర్డ్ మఠం. ఇంకా ముందుకెళితే ద్రాక్షతోటలు. ఉత్తరాన పేద్ద గోడ. దాని అవతల చార్ అనే క్రూరజాతి. ఆ గోడ తలుపు తీయాలంటే ఒకరు మీట నొక్కాలి, మరొకరు దాటాలి. అంటే ఒంటరిగా వెళ్లడం కుదరదు, తోడు వెతుక్కోవాల్సిందే.

ఊరి బయటే గ్వెన్ అనే చిన్నపిల్ల కనిపిస్తుంది. పోగొట్టుకున్న పిల్లనగ్రోవిని వెతికి తెస్తే... అది విరిగిపోయి ఉంటుంది పాపం. కొత్తది కొనిస్తే ఊదుతూ మన వెంటే తిరుగుతుంది, గాయాలు మాన్పుతుంది. ఎర్ర ఐరిస్ పూలంటే ప్రాణం. అడిగినవన్నీ తెచ్చిపెడితే ఓ గుడ్డముక్క చేతిలో పెడుతుంది. కత్తులూ కవచాల ఆటలో గుడ్డముక్కెందుకని తీసిపారేయకండి!

సైనిక శిక్షణలో చేరామా, అంతే. చార్‌లు నిప్పురాళ్ల వాన కురిపిస్తారు. కథ రెండేళ్లు ముందుకు దూకుతుంది. అదే కోట, అదే దారి... గోడలు కూలి, నేల మాడి, చెరువు జాడే ఉండదు. గ్వెన్ కనిపించదు. పాత అస్కలాన్‌కు మన పాత్ర మళ్లీ వెళ్లలేదు. అందుకే కొందరు అసలు కదలకుండా, నెలల తరబడి అక్కడే ఉండి 20వ స్థాయికి చేరుకున్నారు. వాళ్లకోసం ప్రత్యేక బిరుదే ఉంది.

2006లో కాంథా, ఎలోనా అనే కొత్త ఖండాలు వచ్చాయి. అక్కడ పుట్టిన పాత్రలు ఈ ఖండానికి వచ్చినా, చూసేది బూడిదనే. పచ్చటి అస్కలాన్ వాళ్లకు తెలియదు. అయోధ్యాకాండ వదిలేసి నేరుగా లంకా యుద్ధం చూసినట్టే! బాణాలు కనిపిస్తాయి. ఎవరు ఏం పోగొట్టుకుని అంతదూరం వచ్చారో అర్థం కాదు. 2007లో వచ్చిన ‘ఐ ఆఫ్ ద నార్త్’లో గ్వెన్ మళ్లీ ఎదురవుతుంది. చార్‌ల చెరలో మగ్గి తప్పించుకుని, వాళ్ల పేరెత్తితేనే భగ్గుమనే యువతిగా. పూలు ఇచ్చినవాళ్లకు గుండె కలుక్కుమంటుంది. కాంథా నుంచి వచ్చినవాళ్లకు ఆమె మరో సైనికురాలు, అంతే.

వెళ్లేవాళ్లకో మాట. పాత్రను తయారుచేసుకునేటప్పుడు ‘ప్రొఫెసీస్’ కథనే ఎంచుకోండి. కోటలో సర్ టైడస్ శిక్షణకు పంపిస్తానంటాడు. వెంటనే ఊ కొట్టకండి. ముందు చెరువుగట్టుకు వెళ్లి పూలు కోయండి.