గర్భవతికి తోడు

ప్రియ సోదరీ, గర్భవతికి పాలు పండ్లు ఎంత అవసరమో, సరియైన మాట చెప్పువారు కూడ అంతే అవసరము. మరియ కొండసీమకు పోయి, తనవలెనే గర్భవతియైయున్న ఎలీసబెతు ఇంట సుమారు మూడు నెలలుండెను. వారేమి మాటలాడుకొనిరో లూకా అంతయు వ్రాయలేదు. ఆ చిన్నది ఒంటరిగా నుండలేదు, అంతే చాలును.

ఆళ్లగడ్డకు సమీపమున మా పొరుగింటి కోడలికి ఎనిమిదవ నెలలో ముఖము ఉబ్బి, విపరీతమైన తలనొప్పి వచ్చెను. “తొలికాన్పుకు ఇట్లే ఉంటాది” అని అందరును అనిరి. కాళ్లు కొంచెము వాచుట అనేకులకు కలుగును, నిజమే. అయితే ముఖము ఉబ్బుట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట రక్తపోటు హెచ్చినదనుటకు గుర్తులు కావచ్చును. ఆశా కార్యకర్త చూచి, “అత్తా, ఇది ఓర్చుకొనే నొప్పి కాదు” అని 108కు ఫోను చేసెను. నంద్యాలలో వైద్యము జరిగి, తల్లీబిడ్డలు క్షేమముగా ఇల్లు చేరిరి. ఆ ఇంటి దీపము నిలిచినది ఒక్క మాటవలననే అని నేను తలంచుచుందును.

నీవును అడుగుటకు సిగ్గుపడకుము. ఊరిలో ఆశా, నర్సమ్మ, అంగన్‌వాడీ టీచరు కలరు. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు 2016 నుండి జరుగుచున్నవి. రక్తము పోయినను, బిడ్డ కదలిక తగ్గినను తెల్లవారువరకు ఆగవద్దు. పుట్టిన గంటలోపలనే ముర్రుపాలు పట్టుము. ఆరు నెలలవరకు తల్లిపాలే చాలును, నీళ్లైనను వద్దు.

అత్తలారా, ఈ ఆదివారము గుడి విడిచినప్పుడు సంఘములోని గర్భవతిని “ఎన్నో నెల?” అని మాత్రమే అడిగి వెళ్లిపోకుడి. “ఆసుపత్రికి తోడు రానా, తల్లీ?” అనికూడ అడుగుడి.