బక్షీషా? ఉజ్రతా?

మన ఇళ్లల్లో డబ్బు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే దానికి ఎన్ని పేర్లో! ఈద్ రోజు పిల్లలకిస్తే ఈదీ. కొత్త పెళ్లికూతురు సలామ్ చేస్తే చేతిలో పెట్టేది సలామీ. గుమ్మం ముందు నిలబడ్డ ఫకీర్‌కి వేసేది ఖైరాత్. ఏడాదికోసారి లెక్క కట్టి తీసేది జకాత్. పని చేయించుకుని ఇచ్చేది మజ్దూరీ, కాస్త కితాబీ జబాన్‌లో చెప్పాలంటే ఉజ్రత్. పని నచ్చి, దిల్ ఖుష్ అయి పైన ఇంకొంత ఇస్తే అది బక్షీష్.

పేరు మారితే నియ్యత్ మారుతుంది. హక్ కూడా మారుతుంది. బక్షీష్ ఇవ్వలేదని ఎవరూ మనల్ని నిలదీయరు. మజ్దూరీ ఎగ్గొడితే మాత్రం ఇక్కడ తప్పించుకున్నా ఖయామత్ రోజున జవాబు చెప్పాలి. తెలుగువాళ్లు రోజూ వాడే ‘హక్కు’, ‘జవాబు’ రెండూ మన జబాన్ నుంచి వెళ్లినవే కాబట్టి ఈ మాట అందరికీ అర్థమవుతుంది.

ఈ పేర్ల గురించి ఇప్పుడు ఎందుకంటే, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఇదే బహస్. డల్లాస్‌లో ఉండే మా ఖాలా కొడుకు బీబీ బచ్చాలతో గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రోజుల క్రూజ్‌కి వెళ్లొచ్చారు. ఫొటోలన్నీ పెట్టాక చివర్లో ఒక మాట రాశారు: ‘టిప్పుల పేరుతో రోజూ మన ఖాతాలో డబ్బు రాసేస్తారు. రెండో రోజే కౌంటర్‌కి వెళ్లి మొత్తం తీయించేశా. ఎవరైనా వెళ్తే గుర్తుపెట్టుకోండి.’ కొందరు శభాష్ అన్నారు. మా చిన్న చిచ్చా మాత్రం ‘మజ్దూర్ పేట్ పే లాత్ మారే నా బేటా?’ అని ఒక్క లైను రాసి ఊరుకున్నారు. అంతే, మొదలైంది.

ఖాలా కొడుకు బేఇన్సాఫ్ మనిషి కాదు. అడిగినవాళ్లకి లేదనడు. ఆయన దలీల్ మూడు ముక్కలు. ఒకటి, అడగకుండా వసూలు చేసేది బక్షీష్ ఎలా అవుతుంది? రెండు, జీతం ఇవ్వాల్సింది కంపెనీ, నేనెందుకు? మూడు, ఆ డబ్బులో షరాబ్ పోసేవాళ్ల వాటా కూడా ఉంటే అది నా జేబులోంచి ఎందుకు పోవాలి? మూడూ ఆలోచించాల్సిన సవాళ్లే. ఒక్కోటీ చూద్దాం.

ముందు అసలు తరీఖా ఏమిటో తెలియాలి. ఒకప్పుడు క్రూజ్ ఆఖరి రాత్రి ముసాఫిర్లు కవర్లు పంచేవారు. గది ఊడ్చి పక్క సర్దిన స్టీవార్డ్‌కి ఒకటి, రోజూ అదే టేబుల్ దగ్గర వడ్డించిన వెయిటర్‌కి ఒకటి, అతని అసిస్టెంట్‌కి ఒకటి. 2000లో నార్వేజియన్ కంపెనీ ‘ఎక్కడ కావాలంటే అక్కడ, ఎప్పుడు కావాలంటే అప్పుడు తినండి’ అనే పద్ధతి తెచ్చింది. మిగతా కంపెనీలూ తమ తమ తీరులో ఆ దారి పట్టాయి. పూటకో టేబుల్, రోజుకో వెయిటర్ అయ్యాక కవరు ఎవరి చేతిలో పెట్టాలి? అలా టిప్పును మనిషికి రోజుకింత అని నేరుగా ఖాతాలో రాసేయడం ఆనవాయితీ అయింది.

రేట్లు చూడండి. కార్నివాల్ 2023 ఏప్రిల్‌లో మామూలు గదులకు మనిషికి రోజుకు 16 డాలర్లు చేసింది. రాయల్ కరీబియన్ ఆ తర్వాత 18.50 డాలర్లు చేసింది. పసివాళ్లను కొన్ని కంపెనీలు వదిలేస్తాయి కానీ కాస్త పెద్ద పిల్లలకీ మనంత రేటే. 18.50 లెక్కన నలుగురున్న కుటుంబానికి ఏడు రోజులకు 518 డాలర్లు. చిన్న రఖం కాదు. ఖాలా కొడుకు గుండె గుభేలుమనడంలో ఆశ్చర్యం లేదు. ఇష్టం లేనివాళ్లు కౌంటర్ దగ్గర అడిగి తగ్గించుకోవచ్చు, తీయించుకోవచ్చు.

ఆయన మొదటి సవాల్‌కి మన దేశంలోనే తోడు దొరుకుతుంది. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జి దానంతట అది వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే ఖాయం చేసింది. తినేవాడి మర్జీ లేకుండా టిప్పు వసూలు చేయొద్దని దాని మతలబు. మరి హైదరాబాద్‌లో తప్పయింది ఓడ మీద ఒప్పు ఎలా అవుతుంది?

ఫర్క్ ఎక్కడుందంటే, హైదరాబాద్ హోటల్లో వెయిటర్‌కి కాగితం మీదైనా కనీస వేతనం అనే నేల ఒకటి ఉంది. అమలు సంగతి మనకు తెలిసిందే, అయినా ఫలానా చట్టం ఉందని లేబర్ ఆఫీసు మెట్లెక్కే దారి ఉంది. ఓడ మీద ఆ నేల వేరు. మయామీలో ఆఫీసులు, అమెరికా రేవుల్లోంచి ప్రయాణాలు, అమెరికా ముసాఫిర్లు. ఓడ మీద ఎగిరే జెండా మాత్రం బహమాస్‌దో, పనామాదో. కాబట్టి అమెరికా కనీస వేతనం ఆ డెక్ దాకా రాదు. ‘ప్రైడ్ ఆఫ్ అమెరికా’ అని హవాయి దీవుల మధ్య తిరిగే నార్వేజియన్ వాళ్ల ఓడ ఒకటుంది. పెద్ద క్రూజ్ ఓడల్లో అమెరికా జెండా ఉన్నది అదొక్కటే, అక్కడ అమెరికా చట్టాలే నడుస్తాయి. మిగతా ఓడల్లో పక్కలు సర్దేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా పిల్లలు. వాళ్లలో చాలామంది సంపాదనలో టిప్పుదే పెద్ద హిస్సా.

ఇక్కడ రెండో సవాల్‌కి వస్తాం. జీతం కంపెనీ ఇవ్వాలి, నిజమే. బిల్కుల్ సహీ బాత్. కానీ కంపెనీ చేసిందేమిటి? జీతంలో కొంత భాగం కోసి, దానికి ‘గ్రాట్యుటీ’ అని ఒకరు, ‘సర్వీస్ చార్జి’ అని ఒకరు, ప్రిన్సెస్ వాళ్లయితే ‘క్రూ అప్రీసియేషన్’ అని పేరు పెట్టి, టికెట్ రేటులోంచి బయటికి తీసి వేరే లైనులో రాశారు. టికెట్ చవకగా కనిపిస్తుంది. జీతం బాధ్యత ముసాఫిర్ దయ మీద పడుతుంది. ఆ దయను వాపస్ తీసుకునే ఇఖ్తియార్ కూడా అతనికే ఇచ్చారు. ఖాలా కొడుకు కౌంటర్ దగ్గర సంతకం పెట్టగానే కంపెనీకి పోయిందేమీ లేదు. పోయింది లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేవాడికి. వాడి మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు, చూడడు కూడా.

మన ఫిఖహ్‌లో ఇజారా బాబ్ చదివిన ఏ మౌల్వీసాబ్‌ని అడిగినా ఒక మాట చెప్తారు. పనికి కుదుర్చుకునేటప్పుడు ఉజ్రత్ ఎంతో తెలిసి ఉండాలి. తెలియని కూలీతో చేసిన కరార్ సరైన కరార్ కాదు. చెమట ఆరకముందే కూలీ ఇచ్చేయాలన్న హదీస్ మన పిల్లలకు మదర్సాలో మొదట్లోనే నేర్పుతారు. ఎంతో తెలియకపోతే ఆరకముందు ఇచ్చేదేమిటి? ఎవరో కౌంటర్‌కి వెళ్తారా వెళ్లరా అన్నదాని మీద నెల సంపాదన ఆధారపడితే ఆ కరార్‌లోనే లోపం ఉంది. ఆ లోపం కంపెనీది. దాని కఫ్ఫారా మాత్రం ఎవరు కడుతున్నారు?

2020 మార్చిలో ఈ లోపం అందరికీ కనిపించింది. కోవిడ్‌తో ఓడలు ఆగిపోయాయి. ముసాఫిర్లు దిగి ఇళ్లకు వెళ్లిపోయారు. వేలమంది పనివాళ్లు మాత్రం వారాలు, కొందరు నెలల తరబడి ఓడల్లోనే చిక్కుకుపోయారు. ముసాఫిర్ లేడు కాబట్టి టిప్పు లేదు. వాళ్ల సంపాదనలో ఎంత భాగం ఇతరుల ఖుషీ మీద నిలబడి ఉందో అప్పుడు తెలిసొచ్చింది.

మూడో సవాల్, షరాబ్‌ది. మన కుటుంబాల్లో చాలామందికి ఈ షక్ ఉంటుంది. బార్‌లో తీసుకునే ప్రతి గ్లాసు మీదా 18 నుంచి 20 శాతం దాకా అప్పటికప్పుడే విడిగా వేస్తారు. అది తాగినవాళ్ల బిల్లులో పోతుంది. రోజువారీ టిప్పు ప్రధానంగా గదులు చూసేవాళ్లకి, భోజనశాలలో వడ్డించేవాళ్లకి, వంటగది, లాండ్రీ లాంటి తెర వెనక పనివాళ్లకి వెళ్తుంది. కంపెనీ కంపెనీకీ పంపకం కొంచెం మారుతుంది, బుక్ చేసే ముందు వాళ్ల కాగితం చదువుకోవచ్చు. మన పక్క మడత పెట్టిన పిల్లవాడి కూలీ ఆపడానికి షరాబ్ బహానా సరిపోదు.

‘తీయించేసి, మా స్టీవార్డ్‌కి నా చేత్తో నగదు ఇచ్చా కదా’ అని ఖాలా కొడుకు చివరికి అన్నారు. ఇది విన్నాక మా మొహల్లా పిల్లవాడికి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చేసి ఓడ మీద గదులు సర్దే పనిలో ఉన్నాడు. అప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. ‘చాచా, రోజువారీ టిప్పు తీయించేసినవాళ్లు నగదు ఇస్తే దాన్ని మేం అందరి ఖాతాలో జమ చేయాలి. మా ఓడలో అదే రూల్. జేబులో పెట్టుకుంటే నౌకరీ పోతుంది’ అన్నాడు. కొన్ని కంపెనీల్లో ఇలాగే ఉంది. ‘మరి నీకేది ఇష్టం?’ అంటే, ‘టిప్పు ఎవరికి కావాలి చాచా, అదే మొత్తం తన్‌ఖాలో రాసిస్తే చాలు. అమ్మీకి నెలనెలా ఇంత పంపుతానని చెప్పగలను కదా’ అన్నాడు.

ఆ పిల్లవాడు అడిగేది అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌లో పీ అండ్ ఓ క్రూజెస్ 2019లో రోజువారీ టిప్పు లైను తీసేసి దాన్ని టికెట్లో కలిపేసింది. వర్జిన్ వాయేజెస్ కూడా మొదట్లో టిప్పులను టికెట్లోనే కలిపి అమ్మింది. మిగతా కంపెనీలు చేయనిది చేయలేక కాదు. పక్క కంపెనీ టికెట్ కంటే తమది ఖరీదుగా కనిపిస్తుందని భయం.

ఓడల మాట మనకెందుకు అనేవాళ్లు మన మస్జిద్ వైపు చూడండి. ముఅజ్జిన్ సాబ్‌కి కమిటీ ఇచ్చే తన్‌ఖా ఎంత? అది చాలదని కమిటీకీ తెలుసు. ఈద్ నమాజ్ అయ్యాక సఫ్‌ల మధ్య రుమాల్ తిరుగుతుంది, ‘అందరూ తలా కొంత వేస్తారు కదా’ అని సర్దుకుంటారు. వేసినవాళ్లం సవాబ్ అనుకుంటాం. ఆయన ఇంటి కిరాయి మాత్రం ఆ రుమాల్‌లో ఎంత పడిందన్న దాని మీద ఉంటుంది. ఐదు పూటలా అజాన్ ఇచ్చే మనిషి హక్‌ని మన దయగా మార్చాం. షాదీఖానాలో సోంఫ్ ప్లేటు పట్టుకుని గేటు దగ్గర నిలబడే కుర్రవాళ్ల సంగతీ అంతే. వాళ్ల కూలీ ఎంత కుదిరిందని క్యాటరర్‌ని అడిగిన పెళ్లివారు ఎందరు?

కాబట్టి గ్రూపులో నేను రాసింది ఇదే. క్రూజ్‌కి వెళ్లాలనుకుంటే టికెట్ రేటుకి ఈ 518 డాలర్లు కలిపి చూసుకోండి. అది ముసాఫిర్ కిరాయిలో భాగం. స్థోమత దాటితే రోజులు తగ్గించుకోండి. ఖిద్మత్ బాగాలేకపోతే ఫలానా చోట ఫలానా లోపమని షికాయత్ చేయండి, ఒకరి కోసం అందరి కూలీ ఆపకండి. బాగుంటే పైన మీ ఇష్టం, అదే అసలు బక్షీష్. కంపెనీకి మాత్రం తిరిగి వచ్చాక రాయండి: ఈ డబ్బును టికెట్లో కలిపి, వాళ్ల తన్‌ఖాలో రాయండని. ఖాలా కొడుకు బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టో కాదో ఇంకా తెలియదు.

ఇంకో మాట, పిల్లల్ని ఓడ నౌకరీకి పంపాలనుకునే అమ్మీ అబ్బాలకు. ఓడ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ వర్తించే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది, ‘సముద్ర కార్మిక ఒడంబడిక, 2006’. 2013 నుంచి అమల్లో ఉంది, ఇండియా 2015లో ఆమోదించింది. రోజుకు కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. నౌకరీ ఇప్పించినందుకు పిల్లవాడి దగ్గర ఏజెంట్ ఫీజు తీసుకోకూడదనీ ఉంది. ఏజెంట్‌కి షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో చూడండి. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. కరార్ కాగితం చేతికొచ్చాక తొందరపడి దస్తఖత్ పెట్టనివ్వకండి. కంపెనీ ఖాయంగా ఇచ్చేది ఎంత, ముసాఫిర్ ఖుషీ మీద వచ్చేది ఎంత, రెండు అంకెలూ విడివిడిగా రాయించి చూడండి. మొదటి అంకెతో ఇల్లు నడుస్తుందనుకుంటేనే బిస్మిల్లా అనండి.